సావిత్రి గీత గీయని వాక్యం

ఈ మధ్యాహ్నం లాల్మతీ ఊళ్ళో మా తెలుగు క్లాసుకు, మా దీవి రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి వచ్చే పత్రిక ఒకటి పట్టుకెళ్ళాను. స్వాతంత్ర్యం వస్తోంది కాబట్టి బడుల్లో తెలుగులాంటి పూర్వీకుల భాషలు ఇక అనవసరమని ఒకాయన అందులో ఫ్రెంచిలో వ్యాసం రాశాడు. దాన్ని తెలుగు చేసి పిల్లలకిచ్చాను. "కోపం పక్కన పెట్టి చదవండి. ఆధారం చూపకుండా అన్న ప్రతి మాట కిందా గీత గీయండి" అన్నాను.

నెల కిందట తల్లిని పోగొట్టుకున్న సావిత్రి అందరికంటే చురుగ్గా గీసుకుంటూ పోయింది. "ఈ భాషలు ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడడం లేదు" అన్న వాక్యాన్ని మాత్రం వదిలేసింది.

"దీనికీ ఆయన ఆధారం చూపలేదు కదమ్మా?" అని అడిగాను.

"అది నిజం గురూజీ. మా ఇంట్లో అమ్మ ఒక్కతే మాట్లాడేది. ఇప్పుడు నాతో తెలుగు ఎవరు మాట్లాడతారు?" అంటూ ఏడ్చేసింది.

వ్యాసకర్తకు జవాబుగా నేను సిద్ధం చేసుకున్న వాదనలన్నీ పక్కన పెట్టేశాను. దగ్గరికెళ్ళి తల నిమిరాను. ఓదార్చబోతే నా నోటికొచ్చింది మాత్రం "పా ప్లోరే" అన్న, ఇక్కడ అందరం రోజూ మాట్లాడుకునే క్రియోల్ మాట.

పదిహేనేళ్ళుగా తెలుగు చెబుతున్నవాణ్ణి. "ఏడవకమ్మా" అనడానికి నాకు నోరెందుకు రాలేదో, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.