సిస్టరమ్మ కుర్చీ, కొత్త విండోస్

మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం పాడబోయే పాటల్ని శనివారం సాయంత్రమే ఒకసారి పాడి చూసుకోవడం ఆనవాయితీ. పాడేది ఒక్కరే, రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మా సిస్టరమ్మ. మందిరం వెనక గదిలో, కంప్యూటరు ముందు, చేతులున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మర్నాటి పాటలు రెండు వేళ్ళతో టైపు చేసేవారు. తర్వాత తెర మీద ఒక్కో చరణం చూస్తూ సన్నగా పాడేవారు. ఎక్కడో గొంతు ఆగేది. వెనక్కి వెళ్ళి ఒక ఒత్తో దీర్ఘమో దిద్దేవారు.

"తప్పు కంటికి దొరకదే అమ్మాయ్. గొంతుకి తగిలితేనే దొరుకుతుంది" అనేవారు.

ఆ కంప్యూటరు మా ఊరి పక్క పారిశ్రామికవాడ సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో పనిచేసే మా సంఘపెద్ద సంపాదించి తెచ్చింది. వాళ్ళ ఆఫీసులో కొత్తవి కొన్నప్పుడు పాతదొకటి అడిగి తీసుకున్నాడు. అందులో పాత విండోస్, దాని మీద ఒక పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరు ఉండేవి. దానికో తాళం. తాళమంటే కంప్యూటరు వెనక గుచ్చే చిన్న ముక్క. అది లేకపోతే సాఫ్ట్‌వేరు తెరుచుకోదు. కీర్తనల పుస్తకంలో లేని పాటలెన్నో సిస్టరమ్మ అందులోకి ఎక్కించారు. కోస్తా నుంచి ఈ హిందీ ఊరికి రైల్వే ఉద్యోగాల మీద వచ్చిన తొలి కుటుంబాల ముసలమ్మలు ఇంటి ప్రార్థనల్లో పాడుకునే పాటలు అవి. వాళ్ళు పక్కన కూర్చుని పాడుతుంటే ఈవిడ టైపు చేశారు.

నేను సండే స్కూల్ టీచర్ని. కంప్యూటరు బాధ్యత కూడా నాదే, ఎందుకంటే ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం నాది. ఆదివారం దాన్ని మందిరంలోకి తెచ్చి, గోడ మీది పెద్ద తెర మీద పాటలు వేసేది కూడా నేనే.

గొడవ పిల్లల దగ్గర మొదలైంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఆరాధనలో పెద్దవాళ్ళు తెర చూసి పాడుతుంటే వాళ్ళు బెంచీల మీద కాళ్ళూపుతూ కూర్చునేవాళ్ళు. ఒక ఆదివారం స్కూటీ మీద వస్తున్నాం. టాటీబంధ్ కూడలి దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఆగితే, వెనక కూర్చున్న మా అమ్మాయి ఏదో కాగితం చూస్తూ గొణుగుతోంది. తీసి చూశాను. తెలుగు పాట, హిందీ అక్షరాల్లో.

"ఇదేంటే?"

"పక్కింటి ఆంటీ పాడుతుంటే రాసుకున్నా. స్క్రీన్ మీద పఢ్‌నా రాదు కదా నాకు. మమ్మీ, మీ కంప్యూటర్‌లో తెలుగు లైన్‌కి నీచే హిందీలో కూడా వెయ్యొచ్చు కదా?"

వెయ్యొచ్చు. పైన తెలుగు, కింద అదే పాట హిందీ అక్షరాల్లో చూపించే ప్రోగ్రాం ఉంది. కానీ అది కొత్త విండోస్ మీదే నడుస్తుంది. సిస్టరమ్మ టైపింగ్ సాఫ్ట్‌వేరు పాతదాని మీదే నడుస్తుంది. కంప్యూటరు షాపువాణ్ణి అడిగితే హిందీలో ఒక్క ముక్కలో తేల్చేశాడు: రెండూ కావాలంటే కుదరదు, మేడం.

అయ్యగారికి చెప్పాను. మా పాస్టరుగారు ఇలాంటివి ఎప్పుడూ తన మీద వేసుకోరు. "ప్రార్థన చేసి నువ్వే నిర్ణయం చెప్పమ్మా" అన్నారు.

ప్రార్థన చేశాను. నిజమే. కానీ ఏమని చేశానో తలచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది. బైబిల్లో గిద్యోను దేవుని గుర్తు కోసం కళ్ళంలో ఉన్ని పరిచి మంచు కోసం చూసినట్టు, నేను ఆ తాళం ముక్క వైపు చూస్తూ కూర్చున్నాను. అది దానంతటదే పాడైపోతే దేవుని చిత్తమనుకుంటాను, ప్రభువా, అని. పైకి అడిగింది ఆయన చిత్తం. లోపల అడిగింది మాత్రం ఆవిడ మొహం చూసి చెప్పే పని తప్పించమని. తాళం ప్రతి శనివారం శుభ్రంగా పనిచేసింది. సిస్టరమ్మ కంటి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరారని తెలిసినప్పుడు నాకు ముందు వచ్చిన ఆలోచన, ఈ శనివారం గది ఖాళీ అని. పరామర్శకి యాపిల్ పళ్ళు పట్టుకుని వెళ్ళాను. మంచం పక్కన మోకరించి స్వస్థత కోసం ప్రార్థించాను. ఆ ఆలోచన నాతోపాటే మోకరించి ఉంది.

ఆవిడ లేనప్పుడు మార్చలేదు. అంతవరకు నన్ను దేవుడు కాపాడాడు. ఆవిడ ఇంటికొచ్చి కోలుకున్నాక వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"సిస్టరమ్మా, ఒక మాట అడగాలి."

"విండోస్ సంగతేగా? అయ్యగారు రాలేక నిన్ను పంపారా?"

"మీకెవరు చెప్పారు?"

"మీ అమ్మాయి. అది నీకన్నా నయం. మొహం మీద అడిగేసింది, నానమ్మా నువ్వు కుర్చీ ఎప్పుడు ఖాళీ చేస్తావ్ అని."

ఆవిడ పడీ పడీ నవ్వారు.

"పాటలేవీ పోవు సిస్టరమ్మా. అన్నీ కొత్తదాంట్లోకి మారుస్తాను."

"పాటలు పోతాయని నేనన్నానా? మరి శనివారం నేనేం చెయ్యను?"

ఏమీ తోచక, కొత్త టైపింగ్ నేర్పిస్తానన్నాను.

"ఈ వేళ్ళకా? బాగుందే! కన్నకూతురికి అక్షరాలు నేర్పడానికి ఒక్క వేసవి సెలవులు చాలు, అది కుదర్లేదు నీకు. డెబ్బై దాటినదాన్ని, నాకు నేర్పుతుందట!"

సరదాకే అన్నారు. కానీ ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. సండే స్కూల్లో ఊళ్ళో పిల్లలందరికీ కంఠత వాక్యాలు నేర్పేదాన్ని. ఇంట్లో నా పిల్లకి అ ఆలు దిద్దించలేదు. రేపు, ఎల్లుండి, పరీక్షలయ్యాక అంటూ దాటేశాను. నేను చెయ్యని పని కంప్యూటరు చేత చేయిస్తున్నాను. అందుకోసం ఈవిడ కుర్చీ అడుగుతున్నాను.

లేవబోతుంటే సిస్టరమ్మ చెయ్యి పట్టుకున్నారు. "మార్చెయ్. పిల్లలు పాడాలి. కానీ ఒకటి. నా కోసం ఆపేశానని రేపు ప్రభువు ముందు నా పేరు మాత్రం చెప్పకు."

ఆ శనివారం షాపువాడు వచ్చి మార్చాడు. సిస్టరమ్మ కూడా వచ్చారు. కుర్చీలో వాడు కూర్చుంటే ఆవిడ తలుపు పక్కన స్టూలు మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, రైలు కోసం చూస్తున్నట్టు కూర్చున్నారు. పని ముగిసి వాడు వెళ్ళాక, "ఏదీ, పాటలు తియ్యి. పాడి చూద్దాం" అన్నారు.

"మీరు వెళ్ళండి సిస్టరమ్మా, పొద్దుపోతోంది. నేను చూసుకుంటాను" అన్నాను. పొద్దు అంతగా పోలేదు. ఆవిడ ఆ స్టూలు మీద కూర్చుని ఉంటే నేను చూడలేకపోయాను, అంతే. ఆవిడ చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయారు. ముందే పెన్‌డ్రైవ్‌లో దాచిన పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. పేర్లు వరసగా కనిపించాయి. ఒక్కటి కూడా తెరిచి చూడలేదు.

ఆదివారం మొదటి పాట చెప్పగానే తెర మీద వేశాను. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు, టోపీలు, బ్రాకెట్లు. రెండో పాట తీశాను, అదీ అంతే. పాటలు తెచ్చాను గానీ వాటిని చూపించే పాత తెలుగు ఫాంటు తేలేదు.

కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ప్రార్థనలో పరిశుద్ధాత్మ దిగి తెలియని భాష మాట్లాడేవాళ్ళని అన్నట్టే, సంఘపెద్ద లేచి, "ఇవాళ మన కంప్యూటరుకి అన్యభాషల వరం దిగింది" అన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అందుకున్నారు: "అర్థం చెప్పేవాళ్ళు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండమని పత్రికలో రాశాడు కదండీ పౌలు! నోరు మూయించండి దాన్ని." మందిరమంతా నవ్వింది. నేను మౌసు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"కట్టెయ్ అమ్మాయ్" అన్నారు సిస్టరమ్మ, రెండో వరసలోంచి.

తెర ఆర్పాను. ఆవిడ కూర్చున్నచోటే ఉండి పాట మొదటి లైను మాటలుగా అందించారు, తర్వాత పాడారు. చదువురాని వాళ్ళున్న ఇంటి ప్రార్థనల్లో వెనకటికి అలాగే చేసేవారు. ఒకరు లైను చెబుతారు, అందరూ పాడతారు. సంఘం అందుకుంది. రెండో లైనుకి పిల్లలు అందుకున్నారు. చదవాల్సింది ఏదీ లేదు, వింటే చాలు. మా అమ్మాయి లేచి నిలబడి, కాగితం లేకుండా, గొంతెత్తి పాడింది. అది అలా పాడటం నేను చూడలేదు. ఆనందపడాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది. ఏ తెరా అక్కర్లేకుండా ఇంట్లో నేను చెయ్యగలిగిన పనే అది.

బయటికొచ్చాక అందరూ దేవుడు దారి చూపించాడన్నారు. కొత్తది తీసేసి పాతదే వెయ్యమంటారా అని సిస్టరమ్మని అడిగాను. "మొదలుపెట్టిన పని మీద నుంచి చెయ్యి తియ్యకు" అన్నారు. "ప్రతి ఆదివారం అరవడానికి నా గొంతేమన్నా మైకా?"

తర్వాతి వారం షాపువాడు పాత పాటల్ని కొత్త తెలుగులోకి మార్చే దారి చూపించాడు. మారాయి, కానీ ఒత్తులు కొన్ని ఊడిపోయాయి, దీర్ఘాలు కొన్ని చోట్లు మారాయి. కింద హిందీలోనూ అవే తప్పులు. చూసుకుంటూ పోతే కంటికి అన్నీ బాగానే ఉన్నట్టుండేవి. సిస్టరమ్మకి ఫోన్ చేశాను.

"శనివారం వచ్చి పాడాలి మీరు. తప్పులు నాకు దొరకట్లేదు."

"జాలిపడి పిలుస్తున్నావా, అవసరమై పిలుస్తున్నావా?"

"అవసరమై" అన్నాను.

ఆవిడ వచ్చారు. కుర్చీలో కూర్చోమంటే వద్దని స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. నేను కుర్చీలో కూర్చుని టైపు చేశాను. ఆవిడ పాడుతూ, గొంతు ఆగినచోట వేలు చూపించారు. ఇప్పటికీ అలాగే సాగుతోంది. మా అమ్మాయి కూడా కొన్ని శనివారాలు వచ్చి మా వెనక నిలబడి, పైలైను చూసి అక్షరాలు కూడబలుక్కుంటుంది.

అవునంటే అవునుగా, కాదంటే కాదుగా ఉండాలని పిల్లలకి చెబుతుంటాను. ఆ పాఠం వచ్చిన ప్రతిసారీ ఫోన్లో నేనన్న ఆ ఒక్క మాట గుర్తొస్తుంది. అది అబద్ధం కాదు, ఆవిడ నాకు అవసరమే. కానీ అంతా నిజం కూడా కాదు. ఆవిడ అడిగిన రెండింటిలో జాలి ఎంతో, అవసరం ఎంతో నాకే తెలియదు. ఆవిడకి తెలిసే ఉంటుందనుకుంటాను. తెలిసే స్టూలు లాక్కుని కూర్చుంటున్నారు.