కనురెప్ప కింది ఎరుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకు మట్టి నేల, పందులకు సిమెంటు గచ్చు. చెబితే నవ్వుతారు గానీ నిజం. పెనుకొండ నుంచి కొత్తచెరువుకు పోయే దారిలో మా ఊరు. మా నాయన బెంగళూరులో కట్టడాల దగ్గర తాపీ పని చేసేవాడు. నెలల తరబడి ఇంటి ముఖం చూసేవాడు కాదు. వచ్చినా నాలుగు దినాలుండి మూట సర్దుకునేవాడు. ఆయన ఎక్కిన బస్సు వెనక నేను ఏడుస్తూ పరిగెత్తడం ఊళ్లో అందరికీ అలవాటైపోయింది. ఒక ఏడు మాత్రం ఇంక పోనని చెప్పి, ఎక్కడినుంచో ఒక తెల్ల ఆడపందిని తోలుకొచ్చాడు. దాని పిల్లలు బతికితే ఊళ్లోనే ఉంటాడు, బతక్కపోతే మళ్లీ బెంగళూరే. ఆ మాట నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లు గుసగుసలాడితే పిల్లలకే ముందు తెలుస్తుంది కదా.

మా అవ్వ ఎప్పటినుంచో నల్లపందులు సాకేది. అవి ఊరి బయట చేల గట్లన్నీ తవ్వుకుంటూ తిరిగి, పొద్దుగూకేసరికి వాటంతట అవే వచ్చేవి. నాయన తెచ్చిన పంది అట్లా తిరగడానికి వీల్లేదు. దానికోసం ఆయన తన చేత్తో దొడ్డి కట్టి, నున్నగా గచ్చు పోశాడు. రోజూ నీళ్లు కొట్టి కడిగేవాడు. అవ్వకు ఒళ్లు మండిపోయేది. "నేను పండుకునే తావున ఇంత సిమెంటు ఎయ్యరా అంటే చేతులు రాలేదు, పందికి బంగళా కట్టినాడు సూడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

మొదటి ఈతలో పుట్టిన పిల్లలు ఎంత ముద్దుగా ఉండేవో! తెల్లగా, గులాబీ రంగు చెవులతో ఒకదాని మీద ఒకటి పడి పాలు తాగేవి. కొన్ని వారాలు గడిచేసరికి ఆ గులాబీ రంగు పోయింది. చర్మం పాలిపోయింది. నాలుగడుగులు వేస్తే రొప్పేవి. ఒకటి తర్వాత ఒకటి అన్నీ పోయాయి. ఊరి కళ్లన్నీ మా దొడ్డి మీదే ఉన్నాయంది అవ్వ. రెండో ఈతకు ముందే ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. అయినా ఆ పిల్లలూ అట్లాగే పాలిపోవడం మొదలుపెట్టాయి. ఒకరోజు పొద్దున నాయన చూరులోంచి తాపీ తీసి, తుప్పు గీకుతూ కూర్చున్నాడు. మళ్లీ బెంగళూరేనని నాకు అర్థమైపోయింది.

చివరి ప్రయత్నంగా ఆయన సైకిలేసుకుని పెనుకొండ పశువుల ఆసుపత్రికి పోయాడు. తిరిగొచ్చేటప్పుడు వెనకాల జీపులో ఒక డాక్టరమ్మ వచ్చింది. ధర్మవరం పిల్లేనట. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని తిన్నగా దొడ్డిలోకి దిగింది. పందులు ఏం తింటే ఎట్లా పెరుగుతాయి, వాటి ఒంట్లో రక్తం ఎట్లా పడుతుంది, ఈ సంగతుల మీద పరిశోధన చేస్తుందని నాయన చెప్పాడు. అవ్వ బుగ్గన వేలేసుకుంది. "ఇంత సదివి పందుల ఎనకాల తిరుగుతాండావా తల్లీ?" అంది. డాక్టరమ్మ నవ్వి, "మీరూ తిరుగుతాండారు కదవ్వా, నాకు తోడుండారులే" అంది.

ఆమె ఒక పందిపిల్లను ఒళ్లో పెట్టుకుని కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగింది. లోపల దూదిలా తెల్లగా ఉంది. ఎట్లా ఉండాలో నాయనకు చూపించడానికి పక్కనే ఉన్న నన్ను పిలిచి నా రెప్పా లాగింది. అదీ తెల్లగానే ఉంది. తర్వాత తన రెప్పే లాగి చూపించి, "ఇట్ల ఎర్రగా ఉండల్లన్నా. నీ బిడ్డది కూడా పందిపిల్ల మాదిరే ఉండాది" అంది. నాయన నన్ను దగ్గరికి లాక్కుని తానే నా రెప్ప లాగి చూశాడు. అవ్వకు మాత్రం కోపం నషాళానికంటింది. మా పాపను పందితో పోలుస్తావా అని ఆ మిరపకాయల నోటితో ఎంత మాటంటే అంత మాట అనేసింది. ఆమె అన్నీ విని, అవ్వ అలిసిపోయాక మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

తల్లిపంది పాలలో అన్నీ ఉంటాయట, ఇనుము మాత్రం బాగా తక్కువట. నల్లపంది పిల్లలు పుట్టిన మర్నాటినుంచే మట్టి కెలికి, మట్టి నాకి ఆ లోటు పూడ్చుకుంటాయి. గచ్చు మీద పుట్టినవాటికి ఆ మట్టి ఎక్కడిది? ఆ మాట వినగానే నాయన గోడకు ఆనించిన గడ్డపార అందుకున్నాడు. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది. పిల్లల్ని తన చేత్తోనే చంపుకున్నాననుకున్నాడు పాపం. డాక్టరమ్మ గడ్డపారకు చెయ్యి అడ్డం పెట్టింది. "పగలగొట్టద్దన్నా. ఇంత నున్నగా మా పందుల ఫారంలో కూడా పొయ్యలేదు. గచ్చులో తప్పేం లేదు, దాంట్లో ఇనుము లేదు, అంతే."

ఆమె ఇనుము ఉన్న సూది మందు వేస్తానంది. సూది పడిన పంది బతకదని అవ్వ నమ్మకం. అవ్వ దొడ్డి వాకిట్లో అడ్డంగా నిలబడింది. డాక్టరమ్మ వాదించలేదు. అన్నింటికీ ఎర్రమట్టి పెడదాం, మీరు ఆశ వదులుకున్న పిల్ల ఏదో ఒక్కటి చూపించండి, దానికే సూది వేస్తానంది. అవ్వ మూలన పడి రొప్పుతున్న బక్కదాన్ని చూపించి, "పొయ్యేదే కదా, పొడుసుకో" అంది.

పందులు తిరగని చోట పైమట్టి తీసేసి, లోపలి ఎర్రమట్టి తవ్వి ఎండబెట్టడం నాయన పని. దాన్ని బుట్టతో తెచ్చి దొడ్డి మూలన పోయడం నా పని. నేను మట్టి తింటే వీపు చిట్లగొడతారు, పందిపిల్లలకు మాత్రం మర్యాదగా వడ్డిస్తారా అని నాకు ఒకటే ఉక్రోషం. డాక్టరమ్మతో అనే అన్నాను. ఆమె పగలబడి నవ్వి, నేను తింటే కడుపులో పురుగులు పడతాయంది. ఆకుకూర, రాగిసంగటి, బెల్లంతో చెనక్కాయలు తినమంది. ఆసుపత్రిలో మాత్రలు ఇప్పించమని నాయనకు గట్టిగా చెప్పి వెళ్లింది.

మట్టి తిన్న పిల్లలు మెల్లగా కోలుకుంటూ ఉంటే, సూది పడిన ఆ బక్కది అన్నింటికంటే ముందు లేచింది. లేవడమేమిటి, మిగతావాటిని తోసేసి పాలకు ఎగబడింది. అవ్వ దొడ్డి గోడ పట్టుకుని చాలాసేపు చూసి, "ఒరే, పొయ్యి ఆ యమ్మను పిల్చుకోనిరా. వీటికి గూడా పొడిసి పోమ్మను" అంది. అవ్వ నోటితో ఆ మాట రప్పించడానికే ఆమె ఒక్కదాన్ని అడిగిందని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. ఆ ఈతలో ఒక్క పిల్ల కూడా పోలేదు. నాయన తాపీతో మా ఇంట్లో, అవ్వ పడుకునేచోట గచ్చు పోశాడు. ఆ రోజు నాకు కలిగిన నిశ్చింత మళ్లీ నా పెళ్లిలో కూడా కలగలేదు. ఆయన ఆ తర్వాత బెంగళూరు బస్సు ఎక్కలేదు.

ఏదైనా చెడితే తప్పెవరిదని గడ్డపార పట్టుకోకూడదు, తక్కువైంది ఏమిటో ముందు చూడాలి. నా కాపురమూ, నా పిల్లల పెంపకమూ చాలావరకు ఈ ఒక్క మాట మీదే నడిచాయి. ఇప్పుడు హిందూపురంలో ఉంటున్నాను. ఏ పిల్ల నీరసంగా కనబడినా నా బొటనవేలు ఊరుకోదు. మొన్న మనవరాలు చదువుకుంటూ తూగుతుంటే పట్టుకుని రెప్ప లాగాను. "అవ్వా, నేనేమన్నా పందిపిల్లనా?" అని విసుక్కుంది. పందిపిల్లవైతే నాకింత దిగులెందుకే, అది మట్టి తినైనా బతికేస్తుంది అన్నాను. లోపల ఎర్రగా ఉంది. హమ్మయ్య అనుకుని వదిలిపెట్టాను.