మరియమ్మక్క వేయించిన విత్తనం

ఈ బరువు దించుకునే చోటు దొరక్కుండానే ముసలివాణ్ణయ్యాను. నువ్వెవరివో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో శింగనమల దగ్గర ఒక పల్లెలో ఉపదేశిని. ఆదివారం బైబిలు చదివి, చదువు రానివాళ్లకు అర్థం చెప్పడం నా పని. పాతికేళ్లవాణ్ణి, గర్వం మెండు. వరసగా రెండేళ్లు వానల్లేవు. ఆ కరువులో, రేపటి గురించి చింతపడొద్దన్న ప్రభువు మాట మీద ప్రసంగం చేశాను. మరి విత్తనానికి దాచిన వేరుశనగ సంగతేమిటని ఎవరో అడిగారు. వాక్యం ఉన్నదున్నట్టు నమ్మాలి, మన తెలివి కలపకూడదు అన్నాను. అనడానికి నాదేం పోయింది?

మరియమ్మక్క నమ్మింది. నాకంటే చాలా పెద్దది, భర్త లేడు, రెండెకరాల చేను. విత్తనపు కాయలన్నీ వేయించి వీధిలో పిల్లలకు పంచింది.

నెల తిరక్కముందే వాన పడింది. ఆమె మా గడప ముందుకొచ్చి నిలబడింది.

“విత్తనం యాడన్నా ఉండాదా నాయనా?”

నా మంచం కింద దుప్పటి కప్పిన రెండు మూటలున్నాయి. ప్రసంగం చేసిన రోజూ ఉన్నాయి. ఇస్తే దాచుకున్నానని తెలిసిపోతుంది.

“నాతాన ఒక్క గింజ లేదక్కా.”

“నువ్వూ వాక్యం మాదిరే చేసినావా,” అంటూ నా తల నిమిరింది.

మూడోనాడు, గుత్తి నుంచి బావమరిది విత్తనం పంపాడని ఊళ్లో చెప్పి నా చేలో నాగలి కట్టాను. అప్పుడైనా ఆమెకు కాస్త ఇవ్వొచ్చు కదా? ఎవరికీ అనుమానం కూడా రాదు. ఇవ్వలేదు. పరువు కోసం దాచానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది ఆశ, ఉత్త ఆశ.

పిలవకుండానే మరియమ్మక్క వచ్చింది. రోజంతా నా సాళ్లలో నా గింజలు వేసింది. గట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతూ, నా కోసం సంతోషపడింది.

“వాక్యం నిజమేనప్పా. నీకు పంపినాడు. నాకూ పంపుతాడు.”

ఆ ఏడు ఆమె చేను బీడుపడింది.

ఎనభైల్లో ఆమె పోయింది. సమాధి దగ్గర వాక్యం చదివింది నేనే. గొంతు వణకలేదు. ఎందుకు వణకలేదు?

వాక్యాన్ని అక్షరాలా నమ్మాలా, భావం తీసుకోవాలా అని కుర్ర పాస్టర్లు నన్ను అడుగుతుంటారు. మాట మార్చేస్తాను. అక్షరాలా నమ్మిన మనిషిని ఒక్కరినే చూశాను, ఆమెకే అబద్ధం చెప్పాను. ఆమెంటే నాకు ప్రేమ. ఆ మాటా చెప్పలేదు.

నన్ను క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. ఆమెతో అనాల్సిన మాట నీతో అన్నాను. అయినా ఊపిరి కాస్త ఆడుతోంది.