మునిరత్నం మేస్త్రి ప్లగ్గుకు నేను చేసిన పూజ

ఒక మనిషి ఆరు నెలలు ప్రాణం పెట్టి చేసిన పనిని ఒక్క పూటలో నాశనం చెయ్యాలంటే కసి ఉండాలి, కుట్ర ఉండాలి అనుకుంటారు మీరు. అవేమీ అక్కర్లేదు. కాస్త భక్తి, ఒక ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే చాలు. నా దగ్గర రెండూ పుష్కలంగా ఉండేవి. నవ్వండి, నేనేమీ అనుకోను. నవ్వడం అయ్యాక తిట్టాలనిపిస్తే తిట్టండి, అదీ నాకు అలవాటే.

డెబ్భైల చివరి మాట. చిత్తూరులో రైలు గేటు పక్కన మునిరత్నం మేస్త్రి రేకుల షెడ్డులో నేను టర్నర్ని, అంటే లేతు మిషను మీద ఇనుము కోసేవాణ్ణి. ఇరవయ్యారేళ్ళ వయసు, కొత్తగా పెళ్ళయిన మిడిసిపాటు. వెంట్రుకవాసి తేడా కూడా రాకుండా ఇనుమును కోసే పనిని మేం సన్నపని అంటాం. ఆ సన్నపని చేసే షెడ్లవాళ్ళంతా కలిసి ఏడాదికోసారి తిరుపతిలో ప్రదర్శన పెట్టడం అప్పుడే మొదలైంది. మొదటి ఏడాది వేసవి సెలవుల్లో ఒక బడి వరండా, పిల్లలు కూర్చునే బెంచీలు, వాటి మీద గేర్లూ బుష్షులూ. కొండ దిగి వచ్చిన గుండ్లవాళ్ళు ఇత్తడి బుష్షును ఎత్తి చూసి, ఈ కుంకుమ భరిణె ఎంత అని అడిగేవారు. రెండో ఏడు షామియానా, మైకు వచ్చాయి. మూడో ఏటికి మద్రాసు, బెంగుళూరు కంపెనీలవాళ్ళు కార్లలో దిగారు. మా ఊళ్ళో దాన్ని ఇనప తిరునాళ్ళు అనేవారు. తిరునాళ్ళన్నాక పూజ ఉండాలని నాకు తట్టింది చూశారూ, కథంతా అక్కడే ఉంది.

మేస్త్రి బెంగుళూరు ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు గేజీలు చేసి వచ్చిన మనిషి. గేజీ అంటే తక్కిన వస్తువుల కొలత సరిగ్గా ఉందో లేదో తేల్చేది. తప్పు పట్టేవాడిలోనే తప్పుంటే ఎట్లా? అంతటి చెయ్యి చిత్తూరుకొచ్చి చెరుకు గానుగలకూ బోరు మోటార్లకూ మరమ్మతులు చేసుకుంటూ ఉండిపోయింది. ఆ ఏడు బెంగుళూరు కంపెనీ ఒకటి కబురు పెట్టింది. ప్రదర్శనకు మా ఇంజనీరు వస్తాడు, మీ పనితనం చూపించండి, నచ్చితే మా గేజీల పని మీకే అని. ఆ పని వస్తే మేస్త్రి మళ్ళీ మేస్త్రి అవుతాడు. రాకపోతే చచ్చేదాకా గానుగ రోలర్లే.

అందుకని ఆయన ఆరు నెలలు కూర్చుని ఒక ఉక్కు రింగు, అందులోకి దిగే ఒక గుండ్రటి ఉక్కు ప్లగ్గు చేశాడు. ప్లగ్గును రింగులో పెట్టి వదిలితే కొత్త పెళ్ళికూతురు పీటల మీదికి నడిచినట్టు మెల్లగా దిగేది. అడుగున బొటనవేలు అడ్డం పెడితే లోపలి గాలి పోయే దారి లేక ఆగిపోయేది, తీస్తే మళ్ళీ కదిలేది. రెంటికీ మధ్య ఉన్న సందు, తలవెంట్రుకను ముప్పై చీలికలు చేస్తే అందులో ఒక చీలిక. నేను చూసి, ఇంత సన్నమా అని వారం రోజులు నా తలవెంట్రుకలు పీక్కుని చూసుకున్నాను.

ప్రదర్శన ముందురోజు సాయంత్రం తిరుపతిలో మా అంగడి సర్దాక మేస్త్రి మొక్కు తీర్చుకోవడానికి కొండకు బయల్దేరాడు. ప్లగ్గూ రింగూ నూనెగుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు.

"ఈ గుడ్డ మాత్రం ఇప్పగాకు అబ్బా. చెయ్యి చెమట తగిలినా సాలు, తుప్పు పడతాది. ఇంజనీరు సారు వచ్చినాక నేనే తీస్తా."

తల ఊపాను. ఊపడంలో నాకు మంచి అనుభవం ఉంది. ఆయన బస్సెక్కిన కాసేపటికి పక్క అంగట్లో బోరు మోటారు బుష్షులు పెట్టుకున్న పలమనేరు ఆయన టెంకాయ కొట్టి, హారతి ఇచ్చి, నా బల్లకేసి చూశాడు.

"ఏమప్పా, మీ ఇనుముకు పసుపూ కుంకుమా లేదా? యాడన్నా ఉండాదా ఇట్టా?"

అంతే. అసలు దేవుణ్ణి మూటలో కట్టి పెట్టి వ్యాపారం చెయ్యడమా అని నాకు భక్తి పొంగింది. గుడ్డ విప్పాను. నూనె ఉంటే పసుపు అంటదని శుభ్రంగా తుడిచేశాను. పన్నీరు చల్లాను, గంధం పూశాను, పసుపు రాసి బొట్టు పెట్టాను, నీళ్ళు కారే బంతిపూల మాల ఒకటి పైన వేశాను. ఇనుము నీళ్ళకు తుప్పు పడుతుందని మా ఐటీఐలో మొదటి వారమే చెప్పారు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

పొద్దున వచ్చి మాల తీస్తే ప్లగ్గు ఒళ్ళంతా తట్టు పోసినట్టు గోధుమరంగు మచ్చలు. పదకొండింటికి ఇంజనీరు వస్తాడు. మేం దిగిన సత్రంలో వంటాయన్ను బతిమాలి గుప్పెడు చింతపండు తెచ్చి, మా ఆవిడ బిందె తోమే తీరులో తోమాను. కొన్ని మచ్చలు పోయాయి, కొన్ని మొండికేశాయి. వాటికి ఇనుమును అరగదీసే సున్నా నంబరు ఎమరీ కాగితం పట్టాను. మంత్రాలకు చింతకాయలు రాలతాయో లేదో గానీ, నా చింతపండుకూ కాగితానికీ కొలత మాత్రం రాలిపోయింది. ప్లగ్గు తళతళా మెరిసింది. సిగ్గులేకుండా నేను కూడా మెరిశాను.

మేస్త్రి గుండుతో, చేతిలో ప్రసాదంతో వచ్చేసరికి ఇంజనీరు అప్పటికే బల్ల ముందున్నాడు. మేస్త్రి కళ్ళజోడు సత్రంలో సంచిలోనే ఉండిపోయింది. ఇంజనీరు ఆసక్తిగా ప్లగ్గును రింగులో పెట్టి వదిలాడు.

అది నూతిలో చెంబు పడ్డట్టు దభీమని బల్ల మీద పడింది.

మేస్త్రి తీసుకుని తానే పెట్టాడు. మళ్ళీ పడింది. మూడోసారి పెట్టలేదు. ప్లగ్గును కంటికి దగ్గరగా పెట్టుకుని, వేలితో తడిమి, చాలాసేపు తిప్పి చూశాడు. ఇప్పుడు నా వైపు తిరుగుతాడు, అడుగుతాడు, చెప్పేస్తాను అనుకున్నాను. ఒట్టు, అడిగితే చెప్పేవాణ్ణే. ఆయన అడగలేదు.

"నా చెయ్యి తప్పిండాది సార్. వొయసు పైబడినాది. ఇంక ఈ పని నాతో కాదు."

ఇంజనీరు పెద్దమనిషి. ఫరవాలేదు, మరోసారి చూద్దామని మర్యాదగా చెప్పి పక్క వరసకు వెళ్ళిపోయాడు. ఆ మరోసారి రాలేదు. నేను ఆ బల్ల పక్కనే నిలబడి ఉన్నాను, నోరు ఉంది, నాలుక ఉంది, రెండూ బాగానే పనిచేస్తాయని ఆ మధ్యాహ్నం పలమనేరు ఆయన పెట్టిన పులిహోర తింటున్నప్పుడు రుజువైంది.

వారం తిరక్కుండా మేస్త్రి సన్న కొలతలు చూసే తన మైక్రోమీటరు పెట్టె నా చేతిలో పెట్టాడు.

"నీ చెయ్యి బాగుండాది అబ్బా. ఇంకమీదట సన్నపని నువ్వే సెయ్."

తీసుకున్నాను. సిగ్గు మైక్రాన్లలో ఉన్నవాడికి తీసుకోవడానికేం? ఆ పెట్టెతోనే నేను పైకొచ్చాను. ఆయన గానుగ రోలర్ల దగ్గరే ఉండిపోయాడు. ఎనభైలు సగం గడిచేసరికి ప్రదర్శన షామియానా వదిలి పెద్ద పెద్ద రేకుల హాళ్ళలోకి మారింది, క్రేన్లొచ్చాయి, కంప్యూటరు మిషన్లు వచ్చాయి. ఏటేటా నన్ను వేదికెక్కించి, దండ వేసి, కొలతలో నిజాయితీ గురించి మాట్లాడమనేవారు. మేస్త్రి ముందు వరసలో కూర్చుని, ఈయప్ప నా శిష్యుడే అని పక్కవాళ్ళకు చెప్పుకునేవాడు. ఆ హాలంతటిలో తప్పు కొలత ఏదైనా ఉంటే అది వేదిక మీద ఉన్న నేనే.

ఆయన పోయిన నెలకు పరామర్శకు వెళ్ళాను. ఇక ఆయన లేడు కనక చెప్పేద్దామని ధైర్యం చేసుకునే వెళ్ళాను. ఆయన భార్య కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"దినామ్ము పొద్దున్నే కిటికీ కాడ చెయ్యి సాపి సూసుకునేవాడు నాయనా. వొణుకుతా ఉండాదా సూడవే అని నన్ను పిలిసేవాడు. ఇన్నేండ్లు సూసినాను. ఒక్కనాడూ వొణకలా."

నేను "అవునమ్మా" అన్నాను. కాఫీ బాగుందని కూడా అన్నాను. లేచి వచ్చేశాను.

కాబట్టి పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా, నా లేతు మిషను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ ఇనుముకూ పూజ చెయ్యను. ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం చాలా సులువు. అందుకే దీన్ని ఎంచుకున్నాను.