కొసరు పుణుకు

మనుషులు లాభనష్టాలు చూసుకునే ఏదైనా కొంటారని కాలేజీలో మా మేష్టారు చెప్పారు. నేను నమ్మేశాను. ఎనభైల్లో సంగతి. కలకత్తా వాట్‌గంజ్‌లో డాక్ గేటు ఎదుట మా అమ్మ పుణుకులు వేసి అమ్మేది. నాన్నకి డాక్‌లో పని పోయాక ఇంటికీ, నా చదువుకీ ఆ మూకుడే దిక్కు.

అమ్మ దొన్నెలో ఆరు పెట్టి ఇచ్చేది. అందుకున్నవాడు కదలడు. శ్రీకాకుళం వాళ్ళు కొసరంటారు, బెంగాలీలు దాన్నే ఫావంటారు. అప్పుడింకొకటి పడేసేది. ప్రతివాడితో ఈ తంతేమిటని నాకు ఒళ్ళుమంట. ఏడూ ఒకేసారి వేసెయ్యమన్నాను. ధరా అదే, లెక్కా అదే. అమ్మ నావైపు అనుమానంగా చూసింది గానీ, చదువుకున్న పిల్లనని సరేనంది.

మొదటిరోజే గొడవ. ఏడు వేసినా కొసరడిగారు. అందులోనే ఉందంటే ఎవడూ నమ్మడు. ఒకడు పుణుకు విరిచి వాసన చూశాడు. రోజూ వచ్చే మా ఊరి కళాసీ దొన్నె అటూ ఇటూ తిప్పి, "ఏటప్పా, సిన్నవి సేసీసావేటి?" అన్నాడు. మర్నాటి నుంచి అవతలి గేటు దగ్గరికి పోయాడు. అక్కడిచ్చేవి ఐదూ, కొసరొకటీ! ఆ దుకాణం వాడేదో మందు పెడుతున్నాడని నా అనుమానం. మా పిండి మాత్రం రోజూ మిగిలిపోయి పారబోస్తున్నాం. వచ్చే నెల నుంచి కాలేజీ మానెయ్యమని నాన్న అననే అన్నాడు.

అమ్మ నాతో చెప్పకుండా మళ్ళీ ఆరుకి దిగింది. కొసరూ మొదలైంది. జనం తిరిగొచ్చారు, కళాసీతో సహా. నా కాలేజీ నిలిచింది. నేను మూకుడు పక్కన కూర్చుని కళ్ళప్పగించి చూశాను. ఈసారి పుణుకులు నిజంగానే చిన్నవి. ఒక్కడికీ అనుమానం రాలేదు. ఇదేమిటని అమ్మనడిగాను.

"లెక్క ఎవులు సూస్తారే? సెయ్యి సూస్తారు," అంది.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర నాకు అమ్మ చెయ్యి మీదే అనుమానం పుట్టింది. రోజూ నాకు వడ్డించాక, గిన్నెతో వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ఇది నీకేనంటూ ఇంకో చేపముక్క వేసేది. నేనంటే ఎంత ప్రేమో అని మురిసిపోయేదాన్ని. ఆరోజు లెక్కపెట్టాను. తమ్ముడికి ఒకేసారి రెండు ముక్కలు. నాకొకటి, ఆనక కొసరొకటి.

అంతా తెలిసి కూడా, మర్నాడు నా ముక్క తినేసి, అమ్మ వెనక్కి తిరిగేదాకా కంచం ముందునుంచి లేవలేదు.