సోమవారం ఉపవాసాలు, కాలవగట్టు పరుగులు

1979 జూన్‌లో నన్ను కొవ్వూరు దగ్గర ఒక హైస్కూలుకి పి.ఇ.టి.గా బదిలీ చేశారు. పి.ఇ.టి. అంటే వ్యాయామోపాధ్యాయుడు. ఊరికి డ్రిల్లు మాష్టారు, స్టాఫు రూములో ఆఖరి కుర్చీ. ఆ ఏడు ఆడపిల్లల క్రాస్ కంట్రీ జట్టు బాధ్యత నాకు అప్పగించారు. ఇది మైదానంలో ముగ్గుగీతల మధ్య పరుగు కాదు. గట్లు, పొలాల మధ్య పుంతదారులు, బురద దాటుకుంటూ సాగే దూరపు పందెం. ఇందులో పుట్టుకతో వచ్చిన వేగం కంటే రోజూ చేసే సాధనే గెలిపిస్తుంది.

పదో తరగతి వరలక్ష్మి మొదట్లో అందరికంటే వెనక ఉండేది. వాళ్లది బజారులో కిరాణా కొట్టు. పొద్దున్నే కాలవగట్టు మీద నెమ్మదిగా దూరం పరుగు, వారానికొకసారి సాయంత్రం వేగం పెంచి పరుగు, ఇదీ మా పద్ధతి. ఆ పిల్ల ఒక్కరోజు మానలేదు. దసరా నాటికి జట్టులో ముందుకొచ్చింది.

అయితే వేగం పరుగు ఉండే సోమవారం మాత్రం సగం దారిలో కూలబడేది. ఆరా తీస్తే, కూతురు గెలవాలని తల్లే ఉపవాసాలు చేయిస్తోంది. సాయంత్రం చుక్క కనిపించేదాకా మంచినీళ్లు కూడా లేవు! వెళ్లి వాదించాను. ఆవిడ కందిపప్పు తూస్తూనే విన్నారు.

"మీ పని మీరు చెయ్యండి మాష్టారూ, దేవుడి పని దేవుడు చూసుకుంటాడు" అన్నారు.

విసుగెత్తి సోమవారం విశ్రాంతి ఇచ్చి, వేగం పరుగు బుధవారానికి మార్చాను. పిల్ల ఇంకా పుంజుకుంది. "చూశారా అండీ, ఉపవాసం మహిమ!" అని ఆవిడ కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పారు. నెల తిరక్కుండా మిగతా తల్లులూ తమ పిల్లల్ని పస్తు పెట్టారు. విశ్రాంతి ఇచ్చింది నేను, పేరు చుక్కకి!

జిల్లా పోటీ భీమవరంలో, సరిగ్గా కార్తీక సోమవారం నాడే పడింది. మొదటి ఆరుగురికే రాష్ట్ర పోటీకి ఎంపిక. ఎంపిక కాకపోతే పరుగు మాన్పించి కుట్టుపనిలో పెడతామని వరలక్ష్మి ఇంట్లో తేల్చేశారు. ముందురోజు మళ్లీ కొట్టుకి వెళ్లాను.

"కార్తీక సోమవారం తినమంటారా? మీకో దండం, వెళ్లిరండి" అన్నారావిడ.

పొద్దున్నే బస్సు నిడదవోలులో ఆగింది. వరలక్ష్మి ఎవరికీ చెప్పకుండా దిగి వెళ్లి ఇడ్లీలు తినొచ్చింది.

హోటల్లోంచి వస్తుంటే చూసి, "ఏంటమ్మా ఇది?" అన్నాను.

"మీరు సోమవారం పరుగు తీసేశారు కాబట్టి ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను సార్. ఇవాళ పరిగెత్తాలి కదా" అంది.

తిండి తినమని మిగతా పిల్లల్ని బతిమాలాను. ఒక్కరూ వినలేదు. వాళ్లలో ఇద్దరు సగం దూరంలోనే గట్టు మీద చతికిలబడ్డారు. వరలక్ష్మి ఐదో స్థానంలో వచ్చింది.

తిరుగు బస్సులో నా పక్కకొచ్చి, "ఇడ్లీల సంగతి అమ్మకి చెప్పకండి సార్. తెలిస్తే రాష్ట్రానికి పంపదు" అంది.

కొట్టు ముందు తల్లి అందరికీ బెల్లం పంచుతున్నారు. "ఇకనైనా నమ్ముతారా మాష్టారూ?" అంటూ నా చేతిలోనూ ఒక ముక్క పెట్టారు. హేతువాద సభల్లో పండితులతో వాదించినవాణ్ణి, ఆ పిల్ల కోసం ఆ బెల్లం నమిలాను.

నమ్మకానికి వీలుగా మన పని సర్దుకుంటే, ఆ పని ఫలితాన్ని కూడా నమ్మకమే ఎగరేసుకుపోతుంది. ఆ తరవాత పనిచేసిన ప్రతి బడిలోనూ వేగం పరుగు సోమవారమే పెట్టాను. తిని వచ్చిన పిల్లల్నే గట్టు ఎక్కనిచ్చాను.