మా ఇంటి మగ్గం ఆగిన నెల

నా చిన్నప్పుడు మా గద్వాల వీధిలో మగ్గం చప్పుడు వినపడలేదంటే ఎవరో పోయారనే అర్థం. ఎవరింట్లో చావు జరిగినా వీధిలో అందరూ మగ్గాలు ఆపేవాళ్లు. మూడు నాలుగు రోజులయ్యాక ఒక్కో ఇంట్లో మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. అలా ఆగి, నెల దాటినా కదలని మగ్గం నాకు ఒక్కటే గుర్తుంది. అది మాదే.

మా తాతయ్య మంచి పనివాడు, అంతకు మించిన కోపిష్టి. ఆయన తుమ్మినా ఎవరినో తిట్టినట్టే ఉండేది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట ఇంకో మనిషి పక్కన కూర్చుని, పోగు తీసుకెళ్లే నాడెను అందుకోవాలి. మా మగ్గానికి ఆ పక్కమనిషి, మేం ఖాలా (పిన్ని) అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ కొడుకు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పేవాడు. ఒకసారి పెళ్లి చీరలో అంచు కలిసే చోట జానెడు పొడవున సందు వదిలేశాడు. తాతయ్య వీధి వీధంతా వినేలా అరిచాడు.

"నీ చెయ్యి మగ్గానికి పనికిరాదు. పో, మిల్ట్రీల చేరుపో!"

అబ్బాయికి రోషం ఎక్కువ. నిజంగానే వెళ్లి చేరాడు. అప్పటినుంచి పక్కన నాయనమ్మ కూర్చుని నాడె అందుకునేది.

కొన్నాళ్లకు యుద్ధం వచ్చింది. అది ముగిసేలోపే ఖాలా ఇంటికి టెలిగ్రాం వచ్చింది. వీధిలో మగ్గాలన్నీ ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. తాతయ్య మాత్రం పొద్దున్నే మగ్గం గుంతలో దిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చునేవాడు. నాయనమ్మ ఎంత బతిమాలినా నాడె ముట్టలేదు. ఏ మొహం పెట్టుకుని పోవాలంటూ పక్కింటి గడపా తొక్కలేదు. మేమూ పోలేదు. తప్పు ఆయనదే అయినా పొయ్యి పొగలాగా ఇంట్లో అందరికీ అంటుకుంది. ఖాలా వాకిట్లో కనపడితే నేను తలుపు చాటుకు తప్పుకునేదాన్ని. చిన్నపిల్లను, నేను చేసిందేమీ లేదు. అయినా సిగ్గుగా ఉండేది.

జనవరి నెలాఖరున అమరవీరుల దినం వచ్చింది. దేశం కోసం ప్రాణాలిచ్చిన వాళ్లను తలచుకుంటూ, పదకొండు గంటలకు ఎక్కడివాళ్లు అక్కడ రెండు నిమిషాలు మౌనంగా నిలబడాలని రేడియోలో చెప్పారు. నాకు జ్వరం, బడికి పోలేదు. నూనె మిల్లు కూత వినపడగానే వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. తాతయ్య గుంతలోనే లేచి తల వంచుకుని నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఖాలా మా ఇంట్లోకి వచ్చింది. ఎవరినీ పలకరించకుండా మగ్గం దగ్గరికి పోయి, కొడుకు కూర్చునే చోట కూర్చుంది. తాతయ్య తల ఎత్తలేదు. మగ్గం కొయ్యను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మళ్లీ కూత వేశారు. ఇంటింటా మగ్గాలు మొదలయ్యాయి. మాది మొదలవలేదు.

"నేస్తలేవేంది కాకా?" అంది ఖాలా.

"చేతులొస్తలేవమ్మా. నేనన్న మాటకే గద పిలగాడు పోయె."

"గది నాకు తెల్వదా? నిన్ను మాఫ్ చేస్తనని రాలె నేను. జర ఇను. వాడు మిల్ట్రీల ఉన్నన్ని దినాలు మీ మగ్గం సప్పుడు ఇనుకుంట, మావోడు మీ ఇంట్లనే కూసున్నడనుకుంట అన్నం వండుకున్న. ఇప్పుడు గది గూడ లేకుంట చేస్తివి. ఊరందరికి ఈ సప్పుడు లేకపోవుడు రెండు నిమిషాలు. నాకు నెల సంది గిదే. నీ బాధకు నువ్వు మగ్గం ఆపుకుంటివి. నా గురించి అడిగినవా?"

తాతయ్య ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు. కాసేపటికి కళ్లు తుడుచుకుని కూర్చుని, నాడె విసిరాడు. ఖాలాకు ఆ పని రాదు. ఆ రోజు అంచు కలిపిన చోటల్లా సందులే. తాతయ్య కసురుకోలేదు. విప్పి, మళ్లీ చూపించాడు. మళ్లీ తప్పింది, మళ్లీ విప్పాడు. ఈ ఓపికలో కాస్త ఆ అబ్బాయి మీద చూపి ఉంటే, అని అక్కడున్న ముగ్గురమూ అనుకునే ఉంటాం.

తాతయ్య పోయేదాకా ఖాలా రోజూ వచ్చి ఆ చోటే కూర్చుంది. మాఫ్ చేశావా అని ఆయన అడగలేదు, చేశానని ఆమె చెప్పలేదు.

ఇప్పుడు వనపర్తిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఏటా ఆ రోజు పదకొండింటికి మోకాళ్లు మొరాయించినా లేచి నిలబడతాను. ఆ అబ్బాయిని తలచుకుంటాను. ఆ వెంటనే తలుపు చాటున దాక్కున్న ఆ నెలంతా గుర్తొచ్చి, నాకే తల వంగిపోతుంది. అందుకే నా వల్ల ఎవరి మనసైనా నొచ్చిందని తెలిస్తే, ఏం మాట్లాడాలో తెలియకపోయినా వాళ్లింటికి బయలుదేరతాను. గడప దగ్గర కాళ్లు వెనక్కి లాగుతాయి. ఇంకో రోజు వద్దామా అనిపిస్తుంది. అప్పుడు ఖాలా గొంతు వినపడుతుంది, "నా గురించి అడిగినవా?" అని. తలుపు కొడతాను.